ట్రిపుల్ నెగటివ్ అని రిపోర్ట్ వచ్చింది, కానీ ఆరేళ్ల కిందట మెలనోమా తీయించుకుంది. ఇది రొమ్ము క్యాన్సరేనా?

చిన్నచెల్లి (ప్రశ్న)

అందరికీ నమస్కారం అండి, కాస్త పెద్ద పోస్టు, ఓపికగా చదవండి ప్లీజ్. మా అక్కకి 46 ఏళ్లు. ఎడమ రొమ్ములో పైన చంక వైపు గోలీకాయంత గడ్డ తగిలింది, నొప్పి లేదు, చేత్తో కదిపితే కదిలేది, అందుకని ముందు ఫైబ్రోఎడినోమా, అంటే క్యాన్సర్ కాని గడ్డ, అయ్యుంటుందిలే అన్నారు. అల్ట్రాసౌండ్, మామోగ్రామ్ అయ్యాక కోర్ బయాప్సీ తీశారు. రిపోర్ట్‌లో పూర్లీ డిఫరెన్షియేటెడ్ ట్యూమర్, హై గ్రేడ్ కార్సినోమాలా ఉంది అని రాసి కింద ఈఆర్ నెగటివ్, పీఆర్ నెగటివ్, హెర్2 నెగటివ్ అని ఇచ్చారు. రొమ్ము క్యాన్సర్ కణాల్లో వెతికే ఆ మూడు రిసెప్టర్లూ లేవు కాబట్టి ట్రిపుల్ నెగటివ్ అట, ముందు కీమో, తర్వాత ఆపరేషన్ అన్నారు, కీమో ఎక్కించడానికి చర్మం కింద పోర్ట్ పెట్టడానికి డేట్ కూడా ఇచ్చేశారు.

ఇప్పుడు అసలు సంగతి. అక్కకి వీపు మీద, ఎడమ భుజం ఎముక దగ్గర ఒక పుట్టుమచ్చ ఉండేది. అది పెరిగి, బట్ట రాసుకున్నప్పుడల్లా రక్తం వస్తోందని ఆరేళ్ల కిందట తీయించుకుంది. మెలనోమా, అంటే ఒక రకం చర్మం క్యాన్సర్, తొందరగానే పట్టుకున్నాం, మొత్తం తీసేశాం అన్నారట. చిన్న కోత, రెండు కుట్లు, ఇంట్లో ఎవరమూ దాన్ని క్యాన్సర్ లెక్కలో వేసుకోలేదు. ఇప్పుడు హాస్పిటల్ ఫారంలో గతంలో క్యాన్సర్ వచ్చిందా అని అడిగితే అక్క లేదు అని టిక్ పెట్టేసింది. పాత ఫైళ్లు సర్దుతుంటే ఆ కాగితం నా కంటపడింది.

చర్మం క్యాన్సర్ రొమ్ములోకి వచ్చి రొమ్ము క్యాన్సర్‌లా కనపడటం అనేది ఉంటుందా అసలు? ఉంటే బయాప్సీలో తెలిసిపోదా? ఎటూ కీమోనే కదా, ఏది అయితే ఏంటి అంటోంది అక్క, ఇప్పుడు పోయి ఇది చెబితే డాక్టర్ గారు మీరెవరు నాకు చెప్పడానికి అనుకుంటారేమో అని కూడా భయపడుతోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

స్లైడ్ల మాస్టారు

నేను పెథాలజీలో ఉన్నాను అమ్మా. మీ అక్కగారి స్లైడ్ నేను చూడలేదు కాబట్టి ఇది ఫలానా అని తేల్చి చెప్పను. కానీ మీ అనుమానం వంద శాతం అడగాల్సిన అనుమానం, అదీ కీమో మొదటి డోసు ఎక్కకముందే. మొహమాటం పక్కన పెట్టి ఇవాళే ఫోన్ చేసి ఆ మెలనోమా సంగతి చెప్పేయండి, పాత రిపోర్ట్ ఫోటో తీసి పంపండి. ఏ డాక్టరూ దీనికి కోప్పడరు, కోప్పడితే వేరే డాక్టర్‌ని చూసుకోండి.

ఉంటుందా అంటే ఉంటుంది. రొమ్ములో కనపడే క్యాన్సర్లన్నిట్లో వేరేచోట పుట్టి వచ్చినవి మహా అయితే 2 శాతం. ఆ కాస్తలో ముందు వరసలో ఉండేవాటిలో మెలనోమా ఒకటి, లింఫోమా, ఊపిరితిత్తుల క్యాన్సర్, అండాశయం క్యాన్సర్ కూడా అలా వస్తుంటాయి. ఇక్కడ జనం పొరబడేది ఎక్కడంటే, దారిన పోయే మనిషికి ఇది చాలా అరుదు, నిజమే, కానీ ఒకసారి మెలనోమా వచ్చిన మనిషి రొమ్ములో కొత్త గడ్డ కనపడితే లెక్క మారిపోతుంది. ఆరేళ్లు అయిపోయింది కదా అని కూడా వదలకూడదు, మెలనోమా పదేళ్లు దాటాక తిరగబెట్టిన కేసులు ఉన్నాయి.

బయాప్సీలో తెలిసిపోదా అని అడిగారు. మామూలు రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడితే పెద్ద పెద్ద కణాలు, కణం కేంద్రకం మధ్యలో కొట్టొచ్చినట్టు కనపడే చుక్క (న్యూక్లియోలస్), గ్రంథి ఆకారం ఏమీ కట్టకుండా దిబ్బలు దిబ్బలుగా ఉంటాయి. హై గ్రేడ్ రొమ్ము క్యాన్సర్ కూడా సరిగ్గా అలాగే ఉంటుంది. మెలనిన్ అనే గోధుమ రంగు పదార్థం కణాల్లో ఉంటే వెంటనే అనుమానం వస్తుంది, కానీ రంగు చుక్క కూడా లేని మెలనోమాలు ఉంటాయి, అవే ముంచుతాయి. ఇంక ఈఆర్, పీఆర్, హెర్2 వేస్తే మెలనోమాలో మూడూ నెగటివే వస్తాయి, వేరే అవయవాల క్యాన్సర్లు చాలావాటిలో కూడా అంతే. ట్రిపుల్ నెగటివ్ అనేది ముందు ఇది రొమ్ము క్యాన్సర్ అని తేలాక అందులో ఏ రకమో చెప్పే మాట. ఆ మూడు నెగటివ్ వచ్చినంత మాత్రాన రొమ్ములోనే పుట్టింది అని రుజువైనట్టు కాదు. నన్నడిగితే రిపోర్టుల్లో ఎక్కువ గందరగోళం ఇక్కడే మొదలవుతుంది.

రొమ్ములోనే పుట్టింది అనడానికి గట్టి సాక్ష్యం ఏంటంటే, గడ్డ పక్కన పాల నాళాల్లోనే ఇంకా బయటపడకుండా ఉన్న క్యాన్సర్ కనపడటం, దాన్ని డీసీఐఎస్ అంటాం. అది ఉందని రాశారేమో రిపోర్ట్ మళ్లీ చూడండి. లేకపోతే మాత్రం ఏమీ అనుకోవద్దు, కోర్ బయాప్సీ అంటే సన్నటి పుల్లల్లాంటి ముక్కలు, అందులోకి ఆ భాగం రాకపోయి ఉండొచ్చు.

తర్వాత ఐహెచ్‌సీ, అంటే ముక్క మీద ప్రత్యేక స్టెయిన్లు వేసి కణాల్లో ఏ ప్రోటీన్లు (మార్కర్లు) ఉన్నాయో చూడటం. సైటోకెరాటిన్ పాజిటివ్ అయితే కార్సినోమా వైపు, అంటే రొమ్ము వైపు. గాటా3, టీఆర్‌పీఎస్1 ఈ రెండూ రొమ్ముని చూపించే మార్కర్లు, ట్రిపుల్ నెగటివ్‌లో గాటా3 కొన్నిసార్లు రాదు, టీఆర్‌పీఎస్1 మాత్రం చాలా మటుకు వస్తుంది. మెలనోమా వైపు చూస్తే ఎస్100, సాక్స్10, మెలాన్-ఏ, హెచ్ఎంబీ45. ఇందులో పెద్ద గొయ్యి ఒకటి ఉంది. సాక్స్10 పాజిటివ్ రాగానే మెలనోమా అని ఎగిరి గంతేయకూడదు, ట్రిపుల్ నెగటివ్ రొమ్ము క్యాన్సర్లలో కూడా సగం దాకా సాక్స్10 పాజిటివ్ వస్తుంది, ఎస్100 కూడా కొన్నిట్లో వస్తుంది. మరోపక్క మెలనోమాలో ఎప్పుడైనా కెరాటిన్ కాస్త అంటుకుని మోసం చేస్తుంది. మెలాన్-ఏ, హెచ్ఎంబీ45 వస్తే నమ్మకం ఎక్కువ, కానీ అవి రాకపోతే మెలనోమా కాదని అనలేం, కొన్ని మెలనోమాలు వాటిని పోగొట్టుకుంటాయి. కాబట్టి ఒక్క స్టెయిన్ పట్టుకుని తేల్చే పని కాదు, ఒక గుంపుగా వేసి, హిస్టరీ పక్కన పెట్టుకుని చదవాలి. ఆ హిస్టరీ ఫారం మీద లేకపోతే నాలాంటి వాడికి ఈ గుంపు వేయాలన్న ఆలోచనే రాకపోవచ్చు, బ్రెస్ట్ లంప్ అని రాసి పంపితే బ్రెస్ట్ ప్యానెలే వేస్తారు.

డాక్టర్‌ని అడగాల్సిన మాట ఇది: "పాత మెలనోమా ఉంది కాబట్టి అదే బ్లాక్ మీద మెలనోమా మార్కర్లు, కెరాటిన్, రొమ్ము మార్కర్లు వేయించగలరా?" మళ్లీ సూది గుచ్చక్కర్లేదు, తీసిన ముక్కని మైనంలో పెట్టి దాచే ఆ బ్లాక్‌లో ఇంకాస్త మిగిలి ఉంటే చాలు.

గాలిమాట

సిస్టర్ ఇంకో బయాప్సీ మాత్రం చేయించకండి, సూది పడితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుంది, మా తెలిసినాయనకి అలాగే అయింది, కదపకుండా ఉంటే అదే ఆగుతుంది.

స్లైడ్ల మాస్టారు

గాలిమాట గారు, కోర్ బయాప్సీ వల్ల ఒళ్లంతా పాకడం అనేది లేదు. ఏ క్యాన్సరో తెలియకుండా మందు ఎక్కించడం అసలైన ప్రమాదం. పైగా ఇక్కడ ఇంకో బయాప్సీ అని నేను అనలేదు, తీసిన ముక్కనే మళ్లీ చూడమన్నాను.

చిన్నచెల్లి

మాస్టారు గారూ చాలా థాంక్స్ అండి. ఫోన్ చేశాను, డ్యూటీ డాక్టర్ విని ఒక్క నిమిషం ఆగి, ఆ పాత రిపోర్ట్ వెంటనే పంపండి అన్నారు, సార్‌కి చెబుతామన్నారు. డీసీఐఎస్ గురించి రిపోర్ట్‌లో ఏమీ లేదు.

ఇంకో డౌట్. మామోగ్రామ్‌లో "గుండ్రటి మాస్, అంచులు స్పష్టంగా ఉన్నాయి, క్యాల్సిఫికేషన్ లేదు" అని ఉంది. ఎడమ చంకలో ఒక లింఫ్ నోడ్ వాచింది అని కూడా ఉంది. నెట్‌లో చదివితే బయటి నుంచి వచ్చిన గడ్డలే గుండ్రంగా ఉంటాయి అని ఉంది, అంటే ఇది మెలనోమానే అనుకోవాలా? చదివినకొద్దీ భయం పెరుగుతోంది.

నలుపుతెలుపు

నేను రేడియాలజీ. నెట్‌లో చదివింది సగం నిజం. రొమ్ములో పుట్టిన మామూలు క్యాన్సర్ చుట్టూ ఉన్న కణజాలాన్ని లాక్కుంటూ, ముళ్లు ముళ్లుగా అంచులతో కనపడుతుంది, చాలాసార్లు సన్నటి సున్నపు చుక్కలు, అదే క్యాల్సిఫికేషన్, ఉంటాయి. రక్తం ద్వారా వచ్చి దిగిన గడ్డ ఆ లాగుడు లేకుండా గుండ్రంగా, నున్నగా, ఎక్కువగా చర్మం కింద కొవ్వుకి దగ్గరగా ఉంటుంది, క్యాల్సిఫికేషన్ ఉండదు. పాతకాలం నుంచి చెప్పుకునే ఇంకో గుర్తు, రొమ్ము క్యాన్సర్ చేతికి తగిలే సైజు ఫిల్మ్ మీద కనపడే సైజు కన్నా పెద్దదిగా ఉంటుంది, బయటి నుంచి వచ్చిన గడ్డలో రెండూ దాదాపు ఒకటే.

మిగతా సగం నెట్‌లో రాయనిది. ట్రిపుల్ నెగటివ్ క్యాన్సర్ కూడా రొమ్ము క్యాన్సర్లలో వేరే బాపతు, అది కూడా తరచుగా గుండ్రంగా, నున్నటి అంచుతో, క్యాల్సిఫికేషన్ లేకుండానే కనపడుతుంది! కాబట్టి మీ అక్కగారి ఫిల్మ్ రెండు కథలకీ సరిపోతుంది. నేను ఆ రిపోర్ట్ రాస్తే ఇదే రాసి, హిస్టరీ తెలిస్తే కింద "మెటాస్టాసిస్ (వేరేచోట నుంచి పాకిన గడ్డ) కూడా ఆలోచించండి" అని ఒక లైను కలుపుతాను, అంతకు మించి ఫిల్మ్ చెప్పదు.

చంక నోడ్ కూడా అంతే. ఎడమ రొమ్ము నుంచి వచ్చే లింఫ్ ఎడమ చంకకే పోతుంది, వీపు పైభాగం, భుజం చర్మం నుంచి వచ్చేది కూడా ఎక్కువగా ఆ చంకకే పోతుంది. మీ అక్కగారి పుట్టుమచ్చ అదే వైపు ఉంది కాబట్టి నోడ్‌ని చూసి ఎవరిదో చెప్పలేం. ఆ నోడ్‌లోంచి కూడా అల్ట్రాసౌండ్ గైడెన్స్‌తో ముక్క తీసి ఉంటే మేలు, తీయకపోతే అడగండి. మెలనోమా అని తేలితే ఒళ్లంతా చూసే పెట్-సీటీ స్కాన్, దాంతోపాటు మెదడుకి ఎంఆర్ఐ చేయిస్తారు, మెదడులో చిన్నచిన్న మచ్చలు పెట్‌లో సరిగ్గా కనపడవు. భయపడి అన్నీ ఇప్పుడే చేయించేయకండి, ముందు బ్లాక్ తేలనివ్వండి.

అమ్మకొడుకు

చెల్లెమ్మా, మా అమ్మకి ఇలాంటిదే జరిగింది కాబట్టి రాస్తున్నా. అమ్మకి పుట్టుమచ్చ వీపు మీద కాదు, అరికాలి మడమ దగ్గర. నల్ల మచ్చ, ఏదో గుచ్చుకుని కమిలింది అనుకున్నాం చాలాకాలం, తర్వాత తీయించేశాం. మనలాంటి చామనఛాయ, నలుపు ఒంటివాళ్లలో మెలనోమా మొత్తమ్మీద తక్కువే గానీ వచ్చినప్పుడు అరచేతులు, అరికాళ్లు, గోళ్ల కింద రావడం ఎక్కువట, ఎండ తగలని చోటు కదా అని ఎవరూ చూడరు. బాబ్ మార్లీకి కాలి బొటనవేలి గోరు కింద వచ్చింది ఇదే, 1981లో 36 ఏళ్లకే పోయాడు.

అమ్మకి రొమ్ములో గడ్డ వచ్చినప్పుడు మాకూ మొదట రొమ్ము క్యాన్సర్ అనే చెప్పారు, రొమ్ము మొత్తం తీసేద్దాం అన్నారు. రెండో ఒపీనియన్‌కి వెళితే అక్కడి డాక్టరమ్మ గడ్డ సంగతి తర్వాత, ముందు బట్టలు మార్చుకుని రండి అని తల మీద జుట్టు పాయల మధ్య నుంచి కాలి వేళ్ల సందుల దాకా చూసింది, పాత కోత మచ్చ మడమ దగ్గర దొరికింది. స్లైడ్స్ మళ్లీ చదివిస్తే మెలనోమా. ఆపరేషన్ ఆగిపోయింది, ఎందుకంటే ఒళ్లంతా తిరిగే జబ్బుకి ఒక రొమ్ము తీసేసి లాభం లేదు కదా, మరీ అవసరమైతే గడ్డ వరకే తీస్తారట.

ఇమ్యునోథెరపీ, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందులు, మొదలుపెట్టారు. గడ్డలు కరిగాయి, కానీ తేలిగ్గా జరిగింది అనుకోకండి, మధ్యలో విపరీతంగా విరేచనాలు పట్టుకుని హాస్పిటల్లో పడుకోబెట్టి స్టెరాయిడ్స్ ఇవ్వాల్సి వచ్చింది, థైరాయిడ్ దెబ్బతిని రోజూ మాత్ర వేసుకుంటుంది ఇప్పటికీ. మనిషి మాత్రం ఉంది, నా మీద అరుస్తోంది, అది చాలు నాకు.

కొత్త చర్మం

మెడికల్ ఆంకాలజీలో పని చేస్తాను. "ఎటూ కీమోనే కదా" అన్న అక్కగారి మాటకి జవాబు ఇస్తా, ఎందుకంటే అన్నిటికన్నా డేంజర్ మాట అదే.

రెండో, మూడో స్టేజ్ ట్రిపుల్ నెగటివ్ అయితే ఉద్దేశం పూర్తిగా నయం చేయడం. పాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్, తర్వాత ఎర్ర మందు అని పేషెంట్లు పిలిచే డాక్సోరూబిసిన్ లాంటివి, వీటితో పాటు పెంబ్రోలిజుమాబ్, ఆ తర్వాత ఆపరేషన్. అదే మెలనోమా రొమ్ములోకి వచ్చిందంటే స్టేజ్ 4, అక్కడ ఈ కీమో పనితనం చాలా తక్కువ. మొదట ఇచ్చేది ఇమ్యునోథెరపీ, సాధారణంగా నివోలుమాబ్, ఇపిలిముమాబ్ రెండూ కలిపి, లేదా నివోలుమాబ్‌తో రెలాట్లిమాబ్. స్టేజ్ 4 అనగానే గుండె జారిపోతుంది, తెలుసు, అందుకే ఒక అంకె చెబుతాను: చెక్‌మేట్ 067 అనే ట్రయల్‌లో నివోలుమాబ్, ఇపిలిముమాబ్ కలిపి తీసుకున్నవాళ్లలో పదేళ్ల తర్వాత 43 శాతం మంది బతికే ఉన్నారు. 2011కి ముందు ఈ జబ్బుకి చేతిలో ఉన్నది డాకార్బజిన్ లాంటి పాత మందులు, అప్పట్లో ఏడాది గడవడమే గొప్ప.

పెంబ్రోలిజుమాబ్ కూడా ఇమ్యునోథెరపీయే, మెలనోమాకి కూడా వాడతారు కదా, తేడా ఏంటి అని మీకు రావచ్చు. మందు పేరు ఒకటే అయినా దాని పక్కన ఇచ్చేవి, ఎన్నాళ్లు ఇస్తారు, ఆపరేషన్ ఉందా లేదా, ఫాలో-అప్‌లో ఏం స్కాన్ చేస్తారు అన్నీ వేరే. గుండె మీద ప్రభావం ఉండే ఎర్ర మందుని అవసరం లేని మనిషికి ఎక్కించడం మామూలు తప్పు కాదు.

ఇంకోటి బీరాఫ్ టెస్ట్. చర్మం మెలనోమాల్లో సగం దగ్గర దగ్గర బీరాఫ్ జీన్‌లో మార్పు ఉంటుంది, ఎక్కువగా వీ600ఈ. అది ఉంటే డాబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ మాత్రలు పనిచేస్తాయి. మాత్రలు కదా తేలిక అని ముందు అవే అడిగేస్తారు చాలామంది, కానీ డ్రీమ్‌సెక్ అనే ట్రయల్‌లో బీరాఫ్ ఉన్నవాళ్లకే ముందు ఇమ్యునోథెరపీ ఇచ్చిన గుంపులో రెండేళ్లకి సుమారు 72 శాతం, ముందు మాత్రలు ఇచ్చిన గుంపులో సుమారు 52 శాతం మంది బతికి ఉన్నారు. జబ్బు మరీ వేగంగా ముంచుకొస్తుంటే లెక్క వేరు, అది చూసే డాక్టర్ నిర్ణయం. స్టెయిన్లు గజిబిజిగా వచ్చినప్పుడు డయాగ్నోసిస్‌కి కూడా బీరాఫ్ ఉపయోగపడుతుంది, రొమ్ము క్యాన్సర్‌లో అది చాలా అరుదు కాబట్టి కనపడితే తక్కెడ మెలనోమా వైపు మొగ్గుతుంది. అమ్మకొడుకు గారి అమ్మగారి లాంటి అరికాలి రకంలో మాత్రం బీరాఫ్ తక్కువ, కిట్ అనే జీన్ కూడా చూస్తాం.

చిన్నచెల్లి

అందరికీ దండం అండి. సాయంత్రం డాక్టర్ గారే ఫోన్ చేశారు, పోర్ట్ ప్రస్తుతానికి ఆపేశారు, బ్లాక్ మీద మిగతా స్టెయిన్లు వేయమని ల్యాబ్‌కి చెప్పారట. మంచి పని చేశారమ్మా అన్నారు, అక్క అది విని ఏడ్చింది. పాత మెలనోమా రిపోర్ట్‌లో బ్రెస్లో థిక్‌నెస్ 1.6 మిల్లీమీటర్లు, అల్సరేషన్ ఉంది అని రాసి ఉంది. ఇది ప్రారంభ దశేనా? ఆ పాత హాస్పిటల్‌కి వెళ్లి ఇంకేమైనా తేవాలా?

స్లైడ్ల మాస్టారు

బ్రెస్లో థిక్‌నెస్ అంటే మెలనోమా చర్మంలోకి ఎంత లోతు దిగిందో చెప్పే కొలత, 1.6 అంటే మరీ పల్చటిది కాదమ్మా. ఒక మిల్లీమీటరు లోపు, పుండు పడనిది అయితే ధైర్యంగా ప్రారంభ దశ అంటాం. 1.6కి తోడు అల్సరేషన్, అంటే ఆ పుండు, ఉంటే అప్పట్లో నోడ్స్‌కి పాకకపోయినా స్టేజ్ 2 లెక్క, తిరగబెట్టే అవకాశం ఆ పల్చటివాటి కన్నా ఎక్కువ. అంతమాత్రాన ఈ గడ్డ అదే అని కాదు, మెలనోమా వచ్చిన మనిషికి విడిగా రొమ్ము క్యాన్సర్ కూడా రావచ్చు, ఆ సంగతి మర్చిపోవద్దు.

పాత హాస్పిటల్ నుంచి రిపోర్ట్ కాపీ ఒక్కటే కాదు, స్లైడ్స్, బ్లాక్ రెండూ అడగండి. బ్లాక్స్ ఏళ్ల తరబడి దాస్తారు, ఆరేళ్లదైనా దొరికే అవకాశం ఉంది, ఒక లెటర్ రాసి సంతకం పెడితే ఇస్తారు, సెంటర్‌ని బట్టి పద్ధతి మారుతుంది. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూడటంలో ఉన్న సుఖం ఏ స్టెయిన్‌లోనూ లేదు. కొత్త బయాప్సీ ముక్క స్టెయిన్లకే అయిపోతే బీరాఫ్‌కి పాత బ్లాక్ కూడా పనికొస్తుంది. అప్పట్లో సెంటినల్ నోడ్ బయాప్సీ (క్యాన్సర్ పాకితే ముందుగా చేరే లింఫ్ నోడ్‌ని తీసి చూడటం) చేశారా, కోత అంచుల్లో ఏమీ మిగల్లేదా అన్నవి కూడా ఆ ఫైల్లోనే ఉంటాయి, అవి మీ ఆంకాలజిస్ట్‌కి కావాలి. ల్యాబ్‌కి ఇచ్చే కొత్త ఫారం మీద హిస్టరీ గడిలో వీపు మీద మెలనోమా, ఫలానా సంవత్సరం, 1.6 మిల్లీమీటర్లు అని మీ కళ్లముందే రాయించండి.

నలుపుతెలుపు

మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ బొమ్మలు సీడీలో తీసుకుని ఉంచుకోండి, ఫిల్మ్ ప్రింట్ కాదు, సీడీ. రెండో ఒపీనియన్‌కి వెళితే అదే అడుగుతారు.